బయటి మనవరాలు

నమస్కారం. మైకు కాస్త దగ్గరగా పెట్టుకోమన్నారు, పెట్టుకున్నాను. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే.

నన్ను పిలిచినవాళ్ళు ఆహ్వానం కార్డు మీద "చైనా, తెలుగు సంస్కృతుల సంగమం" అని వేశారు. అది ఫోన్లో మా అమ్మకి చదివి వినిపిస్తే, ఆవిడ కాసేపు ఊరుకుని, "సంగమమా? ఎవరింట్లో?" అంది. (నవ్వులు) కాబట్టి ఆ మాట మీద నేనేమీ మాట్లాడలేను. మా దేశంలో టీవీ వాళ్ళు కూడా మాలాంటి ఇళ్ళకి పండగ పూట వస్తారు, ఒక పళ్ళెంలో నూడుల్స్, పక్కన గారెలు పెట్టించి, అందర్నీ నవ్వమని ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. ఆ ఫోటోలు నా దగ్గరా ఉన్నాయి. అందులో నవ్వుతున్న ఆడవాళ్ళు నలుగురిలో ఏ ఇద్దరూ ఆ వారం ఒకరితో ఒకరు సరిగ్గా మాట్లాడుకుని ఉండరు.

నా మొహం చూసి మీలో కొందరు నేపాలా, మణిపూరా అని గుసగుసలాడుకోవడం విన్నాను, ఫర్వాలేదు, అలవాటే. నేను పుట్టింది మలేషియాలో, పేరాక్ రాష్ట్రంలో. నాన్న తెలుగు, అమ్మ చైనీస్. నా తెలుగు మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్నది, ఆవిడది శ్రీకాకుళం తెలుగు, అది కూడా వాళ్ళ అమ్మానాన్నలు కొబ్బరి తోటల్లో పనికని ఓడ ఎక్కిన రోజుల నాటిది. తర్వాత పుస్తకాలు చదివి కొంత సర్దుకున్నాను గానీ, మధ్యలో "ఏటి" అని జారితే ఏమీ అనుకోకండి.

ఇవాళ నేను మాట్లాడేది మా ఇంటి ఆడవాళ్ళ గురించి. మా అమ్మ తల్లి, ఆవిణ్ణి కాంటనీస్‌లో పోపో అంటాం. (అవునండీ, మీ పోపుల డబ్బాలో పోపే, చిన్నప్పుడు నాయనమ్మ "పోపు మాడింది" అంటే మా పోపోకి ఏమైందోనని ఏడ్చానట.) ఆ తర్వాత మా అమ్మ. తర్వాత నేను, నా కూతురు. ఇటువైపు మా నాయనమ్మ. చాలా ఏళ్ళు మా ఇంట్లో గొడవంతా జాతి గొడవ అనుకున్నాను. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, పంది, పసుపు, ఏ బడి, ఏ భాష. అది లేదని అనను, బోలెడంత ఉంది. కానీ దాని కింద ఇంకొకటి ఉంది. ఇవ్వడం అన్న ఒక్క మాట. పిల్లనివ్వడం.

మొదట టీ సంగతి చెప్పాలి, ఎందుకంటే మా అమ్మ ఎప్పుడు మొదలుపెట్టినా అక్కణ్ణుంచే మొదలుపెడుతుంది.

1976. అమ్మ గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సు, నాన్న టెలూక్ ఆన్సన్లో క్లర్కు. ఆ ఊరిని 1982 నుంచి టెలూక్ ఇంతాన్ అంటున్నారు. ఇద్దరూ మలయ్ భాష, ఇంగ్లీషు కలిపి మాట్లాడుకునేవాళ్ళు, ఇప్పటికీ అంతే. పెళ్లి గుళ్ళో అయింది, పోపో రాలేదు. కానీ చైనా వాళ్ళ లెక్కలో గుళ్ళో పెళ్లి పెళ్లి కాదు. మంత్రాలుండవు వాళ్ళకి, టీ ఉంటుంది. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ మోకాళ్ళ మీద కూర్చుని పెద్దవాళ్ళకి వరసగా రెండు చేతులతో టీ కప్పు అందించాలి. అందులో ఎర్ర ఖర్జూరాలు, తామర గింజలు వేస్తారు. పెద్దవాళ్ళు తాగి, ఎర్ర కవరు చేతిలో పెడితే, ఒప్పుకున్నట్టు. అంతే పెళ్లి.

ఇపో దగ్గర రేకుల ఇల్లు పోపోది. తాతయ్య తాగాడు. పోపో కప్పు అందుకుంది, చూసింది, పక్కన బల్ల మీద పెట్టింది. "నాకు దాహంగా లేదు" అంది. మా నాన్నకి కాంటనీస్ ముక్క రాదు పాపం, వేడిగా ఉందేమో, చల్లారాక తాగుతుందేమో అనుకుని ఇంకాసేపు మోకాళ్ళ మీదే ఉండిపోయాడట. అమ్మే చెయ్యి పట్టి లేపింది. ఆ కప్పు ఎలా ఉందో అమ్మ ఇప్పటికీ చెబుతుంది, అంచు దగ్గర చిన్న పెచ్చు ఊడి ఉందట, పెచ్చు ఉన్న వైపు తన తల్లి పెదవికి తగలకూడదని తనే తిప్పి అందించిందట. అసలు తాగనే లేదు కదా, తిప్పి ఏం లాభం, అంటుంది. ముప్పై ఏళ్ళలో ఈ కథ నేను రెండు వందల సార్లు విని ఉంటాను, ఆ పెచ్చు సంగతి మాత్రం ఒక్కసారీ వదల్లేదు.

బయటికొచ్చేస్తుంటే వెనక ఎవరో మేనత్త "కెలింగ్" అందట. ఆ మాట మీకు చెప్పాలి. అక్కడ భారతీయుల్ని తిట్టే మాట అది, మలయ్ వాళ్ళూ అంటారు, చైనీసు వాళ్ళూ తమ యాసలో అంటారు. ఎక్కణ్ణుంచి వచ్చిందీ అంటే కళింగ నుంచి వచ్చిందని చెబుతారు. కళింగ నుంచి ఓడల్లో వర్తకానికి వెళ్ళినవాళ్ళని బట్టి పుట్టిన పేరు, గౌరవంగానే పుట్టి ఉంటుంది, పోను పోను తిట్టయింది. మిగతా భారతీయుల్ని అంటే తప్పుగా అన్నట్టు, మమ్మల్ని అంటే మాత్రం అడ్రసు కరెక్టే, మాది శ్రీకాకుళమే కదా! మా నాన్న ఈ జోకు వేసి నవ్వుతాడు. అమ్మ నవ్వదు.

అయితే ఇటువైపు పూలు పరిచారని అనుకోకండి. మా నాయనమ్మ అమ్మని చూసిన మొదటి రోజు అన్న మాట, "ఒలమ్మో, చీనా గుంటని తెచ్చీసినాడు." గుంట అంటే మా వైపు ఆడపిల్ల, గొయ్యి కాదు, ఈ ప్రాంతం వాళ్ళ కోసం చెబుతున్నాను. ఆ గుంట పంది మాంసం తినే చేతుల్తో అన్నం గిన్నె ముట్టుకోకూడదని మూడు నెలలు వంటింట్లోకి రానివ్వలేదు. అమ్మ ఆసుపత్రి డ్యూటీ చేసి వచ్చి గుమ్మంలో కూర్చునేది. అక్కడ కూర్చునే తెలుగు నేర్చుకుంది. ఇవాళ్టికీ అమ్మ తెలుగులో మొదటి వంద మాటలూ వంటింటి మాటలు, అదీ బయటినుంచి విన్నవి. "ముట్టకు" అన్నది ఆవిడకి తెలిసిన మొదటి క్రియ. నాయనమ్మని నేను ప్రాణంగా ప్రేమించాను, అయినా ఈ సంగతి దాచి చెప్పలేను.

ఇప్పుడు 1978, నేను పుట్టిన సంవత్సరం. ఇక్కడ కాస్త నెమ్మదిగా చెబుతాను.

బాలింతకి చైనా వాళ్ళు చేసే పత్యం మన పత్యం కన్నా గట్టిది. నెల రోజులు. గాలి తగలకూడదు, చల్లటిది తాగకూడదు, ముఖ్యంగా తల తడవకూడదు. ముప్పై రోజులు తలస్నానం లేదు. ఒళ్ళు కూడా అల్లం వేసి కాచిన నీళ్ళలో గుడ్డ ముంచి తుడవడమే. తినడానికి పంది కాళ్ళు, పెద్ద పెద్ద ముదురు అల్లం ముక్కలు, తియ్యటి నల్ల వెనిగర్, అందులో ఉడికించిన గుడ్లు. ఇది మట్టి కుండలోనే వండాలి, లోహం పాత్రలో పెడితే వెనిగర్ తినేస్తుంది. రోజుల తరబడి పొయ్యి మీద ఉంటుంది. ఆ వాసన ఒకసారి పీలిస్తే జన్మలో మర్చిపోరు.

పోపో వచ్చింది. టీ తాగని మనిషి, పెళ్లయ్యాక రెండేళ్ళూ గడప తొక్కని మనిషి, బస్సులో ఒళ్ళో మట్టికుండ పెట్టుకుని, మూతకి గుడ్డ కట్టుకుని, తోటలో మా లైన్ ఇంటికి, అంటే కూలీల వరస ఇళ్ళలో ఉన్న మా ఇంటికి, వచ్చింది. నాయనమ్మ ఆ సరికి పెరట్లో కాగు ఎక్కించి వేన్నీళ్ళు మరిగిస్తోంది. పసుపూ ఆముదమూ పట్టించి, కాగే నీళ్ళు నడుం మీద ధారగా పోసి, సాంబ్రాణి పొగ వేసి, తలకి గుడ్డ చుట్టి చెవుల్లో దూది పెట్టడం ఆవిడ పద్ధతి. ఇప్పుడు చూడండి, ఇద్దరికీ గాలి అంటే భయమే, ఇద్దరూ నడుం గట్టిగా కట్టు కట్టాలనేవాళ్ళే, ఇద్దరికీ అల్లమే మందు. నాయనమ్మ కాయం నూరింది, పోపో అల్లం ఉడికించింది. తేడా అంతా నీళ్ళ దగ్గరే. ఒకావిడ తల తడిస్తే చస్తుంది అంటుంది, ఇంకొకావిడ తడపకపోతే చస్తుంది అంటుంది. మధ్యలో మంచం మీద మా అమ్మ, ట్రెయినైన నర్సు, ఈ రెండూ అక్కర్లేదని తెలిసిన మనిషి, నోరెత్తలేదు. ఎందుకు నోరెత్తలేదంటే, "ఇద్దరూ నా కోసం కొట్టుకోవడం అదే మొదటిసారి, ఆపాలనిపించలేదు" అంది ఒకసారి.

ఇద్దరికీ ఉమ్మడి భాష బజారు మలయ్, అదీ యాభై మాటలు. కూడదు, వద్దు, వేడి, చల్లన, చస్తుంది. వాటితోనే మూడు రోజులు యుద్ధం నడిచింది. నాలుగో రోజు ఎవరూ ఓడకుండా ఏర్పాటు జరిగింది: ఒంటికి వేన్నీళ్ళు, తలకి లేదు. కుండ పెరట్లో విడిగా మూడు రాళ్ళ పొయ్యి మీద, గరిటె వేరు. నాయనమ్మ ఆ కుండ వైపు చూడను కూడా చూడకుండా దాని కింద మంట ఆరిపోతే పుల్లలు ఎగదోసేదట.

పోపో వెళ్ళిపోయే ముందు రోజు నన్ను ఒళ్ళో పెట్టుకుని నాయనమ్మని ఒక ప్రశ్న అడిగింది. "ఇని మౌ కాసి సియాపా?" దీన్ని ఎవరికిస్తారు?

నాయనమ్మ మురిసిపోయింది. పిల్లనివ్వడం అంటే మనకి ఒకటే అర్థం కదా. నాలుగు వారాల పిల్లకి అప్పుడే సంబంధం చూస్తోంది చీనా ముసల్ది అనుకుని, పగలబడి నవ్వి, మా మేనల్లుడికి కొడుకున్నాడులే, వాడికిస్తాం అని చెప్పింది. పోపో తల ఊపి ఊరుకుంది. నేను పెరిగినంత కాలం ఇది మా ఇంట్లో పెద్ద హాస్యం. "నిన్ను చూసీ చూడగానే సంబంధం అడిగిందే మీ పోపో" అని నాయనమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. చెప్పిన ప్రతిసారీ నవ్వేవాళ్ళం. ఈ సంగతి అలా పక్కన పెట్టి ఉంచండి.

తర్వాత నా చదువు, అదో భారతం, త్వరగా చెప్పేస్తాను. మా దేశంలో ప్రభుత్వ కాగితాల్లో జాతి అని ఒక గడి ఉంటుంది. మామూలుగా తండ్రిది ఏదైతే బిడ్డదీ అదే, కాబట్టి నేను ఇండియన్‌ని. మా లాంటివాళ్ళని జనం చిండియన్ అంటారు, ఆ మాటకి మాత్రం గడి లేదు. అమ్మ పట్టుబట్టి నన్ను చైనీసు బడిలో వేసింది. నాయనమ్మ వారం రోజులు అన్నం మానేసింది. బడిలో నేనొక్కతినే నల్లపిల్లని. ఇంటికొస్తే అమ్మ "ఎండలో తిరక్కు, ఇంకా నల్లబడతావు" అనేది, నల్లటి మొగుణ్ణి చేసుకోవడానికి తల్లి చేత టీ తిరగ్గొట్టించుకున్న మనిషి! ఆ మాటకి అమ్మ మీద నాకు చాలా ఏళ్ళు కోపం ఉండేది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు, ఈ ప్రసంగం ఆవిడ వింటుందని తెలిసే చెబుతున్నాను. మేమిద్దరం ఒకే గదిలో అరగంట కూర్చుంటే ముప్పయ్యో నిమిషంలో ఏదో ఒకటి వస్తుంది.

బడికెళ్ళాక చైనా అక్షరాలు నేర్చుకుని ఒక సంగతి కనిపెట్టాను. కొడుకు పిల్లలకి ఒక మాట, కూతురు పిల్లలకి ఇంకో మాట. కూతురి బిడ్డని రాసేటప్పుడు ముందు ఒక అక్షరం చేరుతుంది, దాని అర్థం "బయట". నేను బయటి మనవరాలిని. మా మావయ్య పిల్లలు లోపలివాళ్ళు. పెళ్లయిన కూతురు పారబోసిన నీళ్ళు అని వాళ్ళకో సామెత కూడా ఉంది. నేను ఉక్రోషంగా వెళ్ళి నాయనమ్మకి చెబితే, ఆవిడ తాపీగా వక్క నములుతూ, "మరేటనుకున్నావు? ఆడపిల్లంటే ఆడ పిల్లే, ఈడ పిల్ల కాదు" అంది. సొంత భాషలోనే గుమ్మం మూసేసిందన్నమాట. రెండువైపులా బయటే. 2011లో పోపో పోయినప్పుడు కూడా శవం దగ్గర కొడుకు పిల్లలకి ఒక రంగు గుడ్డ, మాకు ఇంకో రంగు గుడ్డ ఇచ్చారు. లోపలివాళ్ళ పేర్లు చెక్కిన సమాధి రాయి మీద నా పేరు లేదు.

ఇప్పుడు 2006. నాకు కూతురు పుట్టింది. పోపోకి 78 ఏళ్ళు. నాయనమ్మ అప్పటికి లేదు. పోపో మళ్ళీ వచ్చింది, ఈసారి కారులో, ప్రెషర్ కుక్కర్ వద్దని అదే మట్టికుండతో. నా కూతుర్ని ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత మామూలుగా, బియ్యం ధర అడిగినట్టు, కాంటనీస్‌లో అడిగింది, "దీన్ని ఎవరికైనా ఇస్తారా, ఉంచుకుంటారా?"

నాకు కాంటనీస్ వచ్చు. ఇది సంబంధం మాట కాదని అర్థమైంది. 28 ఏళ్ళ కిందట నాయనమ్మకి అర్థం కానిది అప్పుడు అర్థమైంది. "పోపో, మీరెవర్నైనా ఇచ్చారా?" అన్నాను. "రెండో దాన్ని" అంది.

మీకు కొంచెం చరిత్ర చెప్పాలి, లేకపోతే ఆవిడ రాక్షసిలా కనిపిస్తుంది. పోపో తల్లి మూయ్‌చాయ్. అంటే చిన్నప్పుడే అమ్ముడుపోయి, ఇంకొకరింట్లో జీతం లేని పనిపిల్లగా పెరిగిన మనిషి. మలయాలో, అంటే బ్రిటిష్ కాలపు మా దేశంలో, హాంకాంగులో ఇది ఎంత పాతుకుపోయిందంటే 1936-37లో బ్రిటిష్ వాళ్ళు దీనిమీద ప్రత్యేకంగా ఒక కమిషన్ వేశారు. పోపో కింటా లోయ తగరపు గనుల దగ్గర దులాంగ్ మనిషి, నడుం లోతు నీళ్ళలో వంగి వెడల్పాటి కొయ్య పళ్ళెం తిప్పుతూ ఇసకలోంచి తగరం తీసేది, దానికి లైసెన్సు ఉండాలి, ఆ లైసెన్సు కాగితం ఆవిడ చచ్చేదాకా బిస్కెట్ డబ్బాలో దాచుకుంది. 1948లో ఎమర్జెన్సీ పెట్టారు, కమ్యూనిస్టు గెరిల్లాల మీద. అడవి అంచుల్లో ఉన్న చైనీసు కుటుంబాలు వాళ్ళకి బియ్యం అందిస్తున్నాయని 1950 నుంచి సుమారు 5 లక్షల మందిని లేపి ముళ్ళకంచెల మధ్య కొత్త గ్రామాల్లో పెట్టారు. గేటు దగ్గర సోదా, చీకటి పడితే కర్ఫ్యూ. మనిషికి ఇంత బియ్యం అని లెక్క.

ఆ 1950, చైనా లెక్కలో పులి సంవత్సరం. పులి సంవత్సరంలో పుట్టిన ఆడపిల్ల ఇంటికి అరిష్టం, మొగుణ్ణి మింగుతుందంటారు. అప్పటికే ఒక ఆడపిల్ల ఉంది, ఇది రెండోది. అత్తగారు తేల్చి చెప్పింది, పులిని పంపెయ్, లేదా మావాడికి రెండో పెళ్ళాన్ని తెస్తాను. ఊరికే బెదిరింపు కాదది. చైనీసు ఆచారం కింద రెండో భార్య కూడా చట్టానికి భార్యే అప్పట్లో. సింగపూర్లో ఒక షావుకారు పోతే ఆరుగురు భార్యలమని కోర్టుకెక్కారు, 1908 నాటి ఆ కేసు పేరే ఆరుగురు విధవల కేసు. ముస్లిమేతరులకి ఒకే పెళ్లి అన్న చట్టం మాకు 1982 మార్చిలో గానీ అమల్లోకి రాలేదు.

మరి ఎవరికివ్వాలి? ఇక్కడే పోపో నాకు చెప్పిన మాట. "చైనా వాళ్ళకిస్తే మా అమ్మలాగా గిన్నెలు తోమిస్తారు. భారతీయులైతే కూతుర్లా పెంచుతారని అందరూ అనేవాళ్ళు." మలేషియాలో ఇది తెలిసిన సంగతే, ఆ రోజుల్లో చాలామంది చైనీసు ఆడపిల్లలు తమిళ ఇళ్ళలో పెరిగారు, ఇప్పుడు పట్టుచీర, పూలు, బొట్టుతో, స్వచ్ఛమైన తమిళం మాట్లాడే చైనా మొహాల ముసలమ్మలు మా ఊళ్ళ గుళ్ళలో కనిపిస్తారు. పోపో తన బిడ్డని పక్క రబ్బరు తోటలో డ్రెస్సరుకిచ్చింది. డ్రెస్సరంటే తోట ఆసుపత్రిలో కట్లు కట్టే ఆయన. డబ్బు తీసుకోలేదు, ఆ మాట మూడుసార్లు చెప్పింది. 1953లో మా అమ్మ పుట్టింది. పాము సంవత్సరం, ఫర్వాలేదు. ఉంచుకుంది.

అలా ఉంచుకున్న కూతురు 23 ఏళ్ళకి ఒక భారతీయుణ్ణి తీసుకొచ్చి టీ అందించింది. "ఒకదాన్ని వాళ్ళకి నేనిచ్చాను. ఉంచుకున్నది తనంతట తనే వెళ్ళింది. ఆ టీ ఎలా దిగుతుంది నాకు?" అంది పోపో. నల్లగా ఉన్నాడని కాదా అని అడిగాను. "అది కూడా" అంది. అబద్ధం చెప్పే అలవాటు లేదు ఆవిడకి.

ఇదంతా వంటింటి గుమ్మం దగ్గర నిలబడి మా అమ్మ వింది. అమ్మకి గుమ్మాలు రాసిపెట్టి ఉన్నాయి.

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, మండిపడింది. "ముప్పై ఏళ్ళు నా మొగుడి రంగు మీద పెట్టి నన్ను ఏడిపించావు. నాకు తెలియని మనిషి కోసం నేను జరిమానా కట్టాను" అంది. ఎనిమిది నెలలు పోపోతో మాట్లాడలేదు. నాతో కూడా సరిగ్గా మాట్లాడలేదు, అడిగింది నేను కాబట్టి. "నువ్వు అడక్కపోతే పోయేది" అంటుంది ఇప్పటికీ. బిడ్డని ఇచ్చేసిన తల్లిని చూసి నా కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అమ్మకి అలా రాలేదు. రావాలని నేనెందుకనుకోవాలి? టీ కప్పు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నది నేను కాదు కదా.

కానీ వెతికింది మాత్రం అమ్మే. తోట ఎప్పుడో ముక్కలై అమ్ముడుపోయింది, లైన్ ఇళ్ళు లేవు. రిటైరయిన నర్సులు ఒకరికొకరు తెలుసు, వాళ్ళకి పాత డ్రెస్సర్ల కుటుంబాలు తెలుసు, ఆ దారిన పట్టుకుంది. 2008లో ఒక అరిటాకు భోజనం హోటల్లో కలిశాం, అమ్మ, నేను, మా పెద్దమ్మ. జరీ అంచు చీర, నుదుట విభూతి, ముక్కుపుడక. అమ్మ చెవులే, ఆ పైన మడతతో సహా. తమిళం తప్ప మాట్లాడదు, అమ్మకి తమిళం సగం వచ్చు. ఆలింగనాలు ఏమీ జరగలేదు. "నాకు అమ్మ ఉంది. పోయింది. కర్మలన్నీ నేనే దగ్గరుండి చేయించాను" అంది. కన్నతల్లిని చూస్తారా అంటే వద్దంది. కోపంగా కాదు, ఇంకో గరిటె సాంబారు వద్దన్నట్టు అంది. ఆకు మడిచాక మాత్రం ఒక్కటడిగింది. "నేను ఏ వేళకి పుట్టానో కనుక్కుని చెబుతారా? జాతకం లేదు నాకు. పేరు బట్టి చూసి పెళ్లి చేశారు. ఏలినాటి శని ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయిందో కూడా తెలియదు."

పులి సంవత్సరమని ఇంట్లోంచి పోయిన పిల్ల, 58 ఏళ్ళకి శని లెక్క అడుగుతోంది. అమ్మ నా వైపు చూసింది, నవ్వాలో ఏం చెయ్యాలో తెలియక నేను చేతులు కడుక్కోవడానికి లేచాను.

అమ్మ పోపోకి ఫోన్ చేసి అడిగింది. పోపో తడుముకోలేదు. కోడి వేళ, అంది. చైనా లెక్కలో సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా, కోళ్ళు గూట్లో చేరే వేళ. మంత్రసాని కర్ఫ్యూ లోపల ఇంటికి పోవాలని కంగారు పడుతోందట, అందుకే గుర్తు. అమ్మ అది పెద్దమ్మకి చెప్పింది. రెండు రోజులకి పెద్దమ్మ నుంచి కబురు: జోస్యుడు నిమిషాలు అడుగుతున్నాడు, రెండు గంటలంటే లగ్నం మారిపోతుందట.

అమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. పోపోకి చిర్రెత్తింది. "గడియారం ఎవరికుంది అప్పుడు? ఆరింటికి గేటు గంట కొట్టారు, పిల్ల ఏడ్చింది, అంతే తెలుసు" అని పెట్టేసింది. గంట ముందా, ఏడుపు ముందా అని అమ్మ అడిగేలోపే పెట్టేసింది.

వారం గడిచింది. పోపో తనంతట తను అమ్మకి ఫోన్ చేసేది కాదు ఎప్పుడూ, చేస్తే మావయ్య చేత చేయించేది. ఆ రోజు తెల్లవారుజామున ఇంకా వెలుతురు రాకముందే అమ్మ ఫోన్ మోగింది.

"గంట ముందు" అంది పోపో. "ఏడుపు తర్వాత. కాగితం తీసుకుని రాసుకో."

అమ్మ రాసుకుంది.